దర్వాజ దాటని చెప్పులు

కురుమయ్య తడిచేత్తో జొన్నరొట్టెను తట్టి, తిప్పి, మళ్లీ తట్టి పెనం మీద వేశాడు. అంచు ఎక్కడా పగలలేదు. ఉగాది పొద్దున కోడేరు ఊరంతా పూర్ణం పెట్టి కాల్చే బచ్చాల వాసన వస్తుంటే ఈ ఇంట్లో మాత్రం రొట్టె, పచ్చిమిరప కారం. కుండ అడుగున మిగిలిన పిండి అదే. ఈ రోజు ఎవరింట్లోనైనా ఏడాది జీతానికి కుదిరితే సరి, లేకపోతే రేపటి నుంచి పొయ్యికి పని లేదు.

యాభై దాటిన మనిషి. నల్లగా, పొడుగ్గా ఉంటాడు. నాగళ్లు మోసి మోసి కుడిభుజం ఒకింత వాలిపోయింది. మడమల పగుళ్లలో గింజ పడితే మొలకెత్తేంత మట్టి. మీసాలు రాకముందు నుంచి ఏ ఉగాదికి ఆ ఉగాది ఎవరో ఒకరింట కుదిరినవాడే. జీతగాడు రాత్రిళ్లు కూడా యజమాని పశువుల కొట్టంలోనే పడుకోవాలి గనుక, పెళ్లాం తిమ్మమ్మకు అతను పండుగలకు వచ్చిపోయే చుట్టం.

ఆ చుట్టం పోయిన వానాకాలంలో, జొన్నచేలలో కలుపు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఆ ఏడు తను కుదిరిన వీపనగండ్ల ఆసామికి చెప్పేసి ఇంటికి వచ్చేశాడు. తిమ్మమ్మ కడుపులో గడ్డ లేచి మంచం పట్టింది. ఏడాది మధ్యలో పని వదిలిన జీతగాడంటే దొంగకన్నా హీనం. దొంగనైనా కొత్త ఊళ్లో నమ్ముతారు. శివరాత్రికి ముందు తిమ్మమ్మ పోయింది.

రొట్టె తట్టడం ఆమె మంచంలోంచే నేర్పింది. మొదట్లో అవి పెనం దాకా పోకుండానే ముక్కలయ్యేవి. ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. నవ్వితే నొప్పి, నొప్పయినా నవ్వేది. ఆమెకు మాడిన అంచు ఇష్టమనీ, నిద్రలో కోళ్లను అదిలిస్తుందనీ ఇన్నేళ్ల కాపురంలో అతనికి అప్పుడే తెలిసింది. తెలిసిన కొద్దీ దుఃఖమూ పెరిగింది. అయినా రాకుండా ఉండాల్సిందని కురుమయ్య ఒక్కనాడూ అనుకోలేదు.

రొట్టె రుమాలులో కట్టుకుంటుండగా బక్కయ్య వచ్చాడు. బుచ్చిరెడ్డి పటేలు ఇంట్లో పెద్ద జీతగాడు. తెల్లదొరల యుద్ధం పనులకని మనుషులు తరలిపోయి పటేలుకు ఒక చెయ్యి తక్కువైంది. ఆ చోటుకు కురుమయ్య పేరు చెప్పింది బక్కయ్యే. దారి పొడవునా ఒకటే నూరిపోశాడు.

“చలిజరమొచ్చి పడుంటినని చెప్పు తమ్మీ. అబద్ధమాడినా అతికినట్టుండాలె. పెండ్లాం కోసరం పని ఇడిసిపెట్టిన అంటే ఎవ్వడు పెట్టుకుంటడు?”

“నాకు జరం రాలే గదన్నా.”

“రాకుంటే ఏమాయె? నోటితోని అంటే ఒళ్లు కాలుతదా?”

ఒళ్లేమీ కాలదు. కానీ ఆ మాట అనేశాక తిమ్మమ్మ పక్కన కూర్చున్న పొద్దులన్నీ జ్వరంలో పోయినట్టే అవుతాయని కురుమయ్యకు కష్టంగా తోచింది. బక్కయ్య చెడ్డవాడు కాడు. అతని పెళ్లాం పోయిన రోజు అతను బావి దగ్గర మోట తోలుతున్నాడు. మడి పారేదాకా యజమాని కబురు చెప్పనియ్యలేదు. చెప్పాక కూడా ఎడ్లకు నీళ్లు తాపే ఇంటికి వెళ్లాడు.

పటేలు తలంటుకుని, కొత్త ధోవతి కట్టి అరుగు మీద కూర్చున్నాడు. కింద వాకిట్లో జీతగాళ్లంతా గొంగళ్లు భుజాన వేసుకుని నిలబడ్డారు. కొత్తవాడి కోసం చెప్పుల జత ఒకటి నేల మీద పెట్టించి ఉంది. పటేలు ముందు తొడుక్కోకూడదు. చంకన పెట్టుకుని దర్వాజ దాటి, బజార్లో తొడుక్కోవాలి. అలా దాటితే ఏడాదికి ఒప్పుకున్నట్టే. కురుమయ్య దండం పెట్టి చెప్పులు చేతికి తీసుకున్నాడు. ఆముదం పట్టించిన కొత్త తోలు. నిరుటి చెప్పులు ఎప్పుడో తెగిపోయాయి.

“వీపనగండ్లల సగంల ఎందుకు ఇడిసిపెట్టినవురా?” అన్నాడు పటేలు.

వెనక బక్కయ్య దగ్గాడు.

“నా పెండ్లానికి పానం బాగలేకుండె పటేలా. ఇంట్ల కూసున్న.”

“నీకేం కాలే?”

“నాకేం కాలే. గట్టిగనే ఉంటి.”

పటేలు మరీ కర్కోటకుడు కాడు. పనివాణ్ణి భుజం చూసి పోల్చుకోగలడు. సరే, పెట్టుకుంటానన్నాడు. కాకపోతే వీణ్ణి చూసి మిగతావాళ్లు పాడు కాకూడదు.

“తప్పయింది, మల్ల గిట్ల చెయ్య అని గీ అందరి ముంగట ఒక్కమాట అను. చెప్పులు తీస్కపో.”

ఎద్దు పుండు కాకికి ముద్దా. కురుమయ్య చేతిలోని చెప్పుల వంకే చూస్తుంటే పటేలుకు నవ్వు కూడా వచ్చింది.

“అంటే ఏం పోతదిరా? ఇంక మంచం పడేటోళ్లు నీకెవలున్నరు?”

వాకిట్లో నిలబడ్డ ప్రతివాడికీ ఇంటి దగ్గర ఒక తల్లో, పెళ్లామో, పసిపిల్లో ఉంది. కురుమయ్యకు ఖాళీ కుండ గుర్తుకొచ్చింది. భయం వేసింది. ఆ భయం మీదే కోపమూ వచ్చింది.

“ఎవ్వరు లేరు పటేలా. గని గది తప్పు కాలే. పుట్టినందుకు నేను చేసిన మంచి పని గదొక్కటే. దాన్ని తప్పని నా నోటితోని అన.”

వంగి చెప్పులను తీసినచోటనే పెట్టాడు. విసరలేదు. కట్టెలు కొట్టుకుని బతుకుతానన్నాడు. దండం పెట్టి, ఉత్తకాళ్లతో దర్వాజ దాటి అమ్రాబాద్ అడవి దారి పట్టాడు. ఆ నడకలో తొందర లేదు.

పటేలు మొహం గంటు పెట్టుకుని, చెప్పులు లోపల పెట్టమని బక్కయ్యకు చెప్పాడు. బక్కయ్య అలాగేనన్నాడు. అని, పలుపుతాడు తీసుకుని ఎడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచి ఒక్కొక్కరే పనిలోకి పోయారు. పటేలు రెండోసారి చెప్పాడు. వినేందుకు అక్కడ ఎవరూ లేరు.

మిట్టమధ్యాహ్నానికి వాకిలంతా ఖాళీ అయింది. కొత్త చెప్పులు మాత్రం కురుమయ్య వంగి పెట్టినచోటనే, దర్వాజ వైపు తిరిగి, ఎండకు ఎండుతున్నాయి.