ఇనుము మీద మూడు దెబ్బలు

పొద్దున్నే ఫ్లాస్కు కడిగి, వేణ్ణీళ్ళు పోసుకుని, ఆస్పత్రి రెండో అంతస్తు మెట్లెక్కడంతో ఆయనకి రోజు మొదలయ్యేది. ముప్పై ఏళ్ళు రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను నడిపి చెవులు రెండూ పోగొట్టుకున్న మనిషి. మంచం మీద ఆయన భార్య. ఆమె క్లోమంలో కణితి.

ఆ కణితి జోలపాట పాడేది. సన్నగా, తెరిపి లేకుండా. పరామర్శకి వచ్చినవాళ్ళు "ఎలా ఉంది వదినా?" అని కూర్చుని, జవాబు వినకుండానే గురక పెట్టేవాళ్ళు. అందుకని నర్సులు ఇద్దరేసి వచ్చేవాళ్ళు, ఒకరు సూది వెయ్యడానికి, ఒకరు గిల్లడానికి.

మొదట్లో మరదలు సంతోషించింది కూడా. "పోనీలే బావా, అక్క నొప్పి మర్చిపోయి పడుకుంటోంది," అని సైగ చేసింది. ఆయనా సరేలే అనుకున్నాడు. పాపం, అదే వాళ్ళు చేసిన పొరపాటు.

ఒకరోజు డాక్టరమ్మ ఆవలింతలు ఆపుకుంటూ కాగితం మీద రాసిచ్చింది. "రోగంతో పోరాడాల్సిన కణాలు కణితి దాకా వెళ్తున్నాయి. వెళ్ళి, అది కట్టుకున్న గోడ పక్కనే నిద్రపోతున్నాయి. కొన్నిటినైతే మచ్చిక చేసుకుని తనకే కాపలా పెట్టుకుంది. ఈ నెలలో అవి లేవకపోతే మందు ఆపేస్తాం."

డ్యూటీలో నిద్రపోయేవాళ్ళ సంగతి ఆయనకి తెలియనిదా! ప్రెస్సు దగ్గర కునికేవాణ్ణి కుదిపి లేపకూడదు, ఉలిక్కిపడి చెయ్యి మిషన్లో పెడతాడు. అక్కడ సగంమందికి చెవులు పనిచెయ్యవు కూడా. పానాతో ఇనుము మీద నెమ్మదిగా మూడు దెబ్బలు కొట్టాలి. ఆ అదురు తగిలితే చాలు, షిఫ్టు మారిందని లేస్తారు.

మర్నాటి నుంచి గంటకోసారి మంచం చువ్వ మీద చెంచాతో కొట్టడం మొదలుపెట్టాడు. పాట వినపడని ఆయనొక్కడే అక్కడ ఎక్కువసేపు మేలుకుని ఉండగలడు మరి. వారమైంది, రెండు వారాలైంది. నడుం పడిపోయింది, కళ్ళు మండిపోయాయి. మరదలు చెంచా లాక్కోబోతే ఇవ్వలేదు.

"ఒక్కడూ లేవడే! మొండి ఘటాలు," అన్నాడు విసుగ్గా.

'నా ఒంట్లోవాళ్ళు కదా మరి,' అని భార్య ఆయన అరచేతిలో వేలితో రాసింది. ఆయనకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఒళ్ళు పెనంలా కాలిపోయింది. మరదలు ఏడుస్తూ పరుగెత్తి డాక్టరమ్మని తీసుకొచ్చింది. ఆవిడ జ్వరం చూసి, కుర్చీలో కూలబడింది. కానీ నిద్రపోలేదు. నర్సు కూడా కునకలేదు. పాట ఆగిపోయింది.

"లోపలివాళ్ళు లేచారమ్మా," అంది డాక్టరమ్మ. "మందు ఆపం."

ఆయనకి మాట వినపడలేదు, మరదలి మొహం చూస్తే తెలిసింది. చెంచా పట్టుకునే మంచం అంచున తల వాల్చి నిద్రపోయాడు.

సాయంత్రం మరదలు క్యారేజీ తెచ్చింది. ఆయన్ని లేపుదామని చెంచా తీసుకుని చువ్వ మీదికి ఎత్తింది. అక్క నీరసంగా ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దే, పడుకోనీ. ఆయన షిఫ్టు అయిపోయింది. ఇక నాది."