గొళ్ళెం లేని ఇల్లు

మా ఆయన తెల్ల యూనిఫాం నేను ఇస్త్రీ చేస్తుంటే, తడి జుట్టుతో పాప వీధి గుమ్మంలోంచి వచ్చింది. పక్కింట్లో స్నానం చేసొచ్చింది. ఏడాదిగా ఇదే వరస.

"వాళ్ళేమనుకుంటారే, మనింట్లో నీళ్ళు లేవనా?" అత్తయ్య సణిగింది.

"వాళ్ళ బాత్‌రూమ్‌కి గొళ్ళెం ఉంది నాన్నమ్మా."

వీధి తలుపుకి తప్ప మా ఇంట్లో దేనికీ గొళ్ళెం లేదు. పద్నాలుగేళ్ళ కిందట యుద్ధం నుంచి వచ్చిన వారానికే, ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని అన్నీ ఊడదీశారు. దెబ్బతిన్న ఓడలోకి సముద్రం దూసుకొస్తుంటే, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఇనప తలుపు మూసి, రెండువందల మందిని కాపాడినందుకు ఆయనకి పతకం ఇచ్చారు. తలుపు అవతల నలుగురు ఉండిపోయారని ప్రశంసాపత్రంలో లేదు. వాళ్ళు లోపల్నుంచి బాదారని ఆయన నాకొక్కదానికే చెప్పారు, ఒక్కసారే. అది విన్నాక ఇంకేం అడుగుతాను? ఓరగా వేసిన తలుపుకి కాలు అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళూ స్నానం చేశాను. చుట్టాలొస్తే పరదా కట్టాను. "నా కొడుకు ప్రాణాలకి తెగించాడు, నువ్వు ఈమాత్రం సర్దుకోలేవా?" అంది అత్తయ్య. "మీకేమండీ, ఇంట్లోనే హీరో!" అంటారు ఆఫీసులో. అక్కడి టాయిలెట్‌లో గొళ్ళెం వేసుకుని ఊరికే గోడకానుకుని నిలబడతానని వాళ్ళకేం తెలుసు? "మేడం లోపలికెళ్తే ఆ పూటకి ఫైలు కదలదు" అని మేనేజర్ అందరి ముందూ నవ్వాడు. నేనూ నవ్వాను.

సాయంత్రం పాప స్కూల్లోనే ఆయనకి సన్మానం.

"నేను రానమ్మా. అందరూ చప్పట్లు కొడతారు, నేనూ కొట్టాలి" అంది పాప మెల్లగా. "పోనీ, గొళ్ళెం పెట్టించమని నాన్నని అడగనా?"

"ఈమాత్రం సర్దుకోలేవా?" అన్నాను.

నా గొంతు నాకే అత్తయ్య గొంతులా వినిపించింది. ఇస్త్రీపెట్టె ఆపేశాను.

"మనిషిని పంపనా అమ్మా, బిగించడానికి?" అన్నాడు హార్డ్‌వేర్ షాపాయన, కొన్న గొళ్ళెం నా చేతికిస్తూ.

"అక్కర్లేదు. ఊడదీసినప్పుడు చూశాను, పెట్టడం రాకపోదు."

ఇంటికొచ్చి మా ఆయన స్క్రూడ్రైవరే తీశాను. బాత్‌రూమ్ తలుపుకి చివరి మర బిగిస్తుంటే వెనక వచ్చి నిలబడ్డారు. మొహం పాలిపోయి ఉంది.

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. పాప పన్నెండేళ్ళది. రేపట్నుంచి మనింట్లోనే స్నానం చేస్తుంది." స్టూల్ తెచ్చి గుమ్మం పక్కన వేశాను. "ఇక్కడ కూచోండి. భయమేస్తే పిలవండి, లోపల్నుంచి పలుకుతుంది. ఇవాళ ముందు నేను వెళ్తాను."

"వీరుణ్ణి బాత్‌రూమ్ ముందు కాపలా కూచోబెడతావటే!" అత్తయ్య అరిచింది. ఆయన మాత్రం కూచున్నారు.

గొళ్ళెం వేసుకున్నాను. బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాను. ఒళ్ళు ఇంత అలిసిపోయిందని అప్పటిదాకా తెలీలేదు.

"ఇదిగో, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఉన్నావా?"

"ఉన్నానండీ."

మూడోసారీ పిలిచారు. పలికాను. అరచెయ్యి తలుపుకి ఆనించిన చప్పుడైంది. బాదలేదు, ఊరికే ఆనించారు.

మళ్ళీ పిలుస్తున్నారు. పలుకుతాను. ఒక్క నిమిషం ఆగి.