తరళ బయటపడిందా?

నేనొక బొమ్మబ్లాకుని. చెక్కకి మేకులు కొట్టి బిగించిన జింకు రేకుని. ఇంతే చెబితే ఈ కాలం వాళ్ళకి అంతుపట్టదు కనక ఇంకాస్త చెబుతాను. పత్రికలో బొమ్మ పడాలంటే ఒకప్పుడు నాబోటివాళ్ళకి సిరా రాసి కాగితానికి అద్దేవారు. మా మీద బొమ్మంతా తిరగేసి ఉంటుంది. అద్దంలో చూస్తే తప్ప మా మొహం తిన్నగా కనపడదు. అయినా నా అంత అందమైన బ్లాకు రాజమండ్రిలో ఇంకోటి లేదు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి.

నా మీద ఉన్నది తరళ, 'చిత్రకేళి' వారపత్రిక సీరియల్లో కథానాయిక. గుండెల దాకా ఊబిలో దిగబడి ఒక చెయ్యి చాచి ఉంటుంది. బొమ్మ వేసింది దానయ్య గారు. ఊబి చూడందే ఊబి గియ్యనని పంతం పట్టి, గోదావరి లంకల్లోకి వెళ్ళి, తనే నడుం దాకా దిగబడి, ఎవరో పైకి లాగితే బురద పంచెతోనే ఇంటికొచ్చి గీశారట. బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా? బొమ్మ మాత్రం అదిరింది. బురద అలికిన అరుగులా చదునుగా, నిమ్మళంగా ఉంటుంది. చూసేవాళ్ళకి భయం వేసేది ఆ నిమ్మళానికే.

అంత చక్కటి బొమ్మకి అచ్చుకెక్కే రోజే గండం వచ్చింది. పక్కన తలనూనె ప్రకటన పట్టడం లేదని ప్రెస్సు ఫోర్‌మన్ వెంకటరాజు రంపం తీసుకుని నా అంచు ముక్క కోసేశాడు. పీనాసి మనిషి, ఏదీ పారెయ్యడు. ఆ ముక్కని ఏ సొరుగులో దాచాడో నాకు తెలీదు. మిగిలిన నన్ను అచ్చేశారు, కింద 'సశేషం' అని వేశారు. వారం తిరక్కుండానే యజమాని నష్టాలు భరించలేక పత్రిక మూసేశాడు. తరళ ఊబిలోనే ఉండిపోయింది. నేను బల్ల కిందికి చేరాను.

సరిగ్గా అప్పుడే అదే ఊళ్ళో పుణ్యవతి అనే పిల్ల కాలు విరిగి మంచాన పడి ఉంది. ఆ సంచిక వాళ్ళ నాన్న తెచ్చిచ్చాడు. "తరళ లేస్తే నేనూ లేస్తా" అని మొండికేసిందట. రాని పత్రిక కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఏడ్చింది. కాలు దాని మానాన అది అతుక్కుంది. పుణ్యవతి నడిచింది, చదివింది, బళ్ళో డ్రిల్లు టీచరై పిల్లల్ని పరిగెత్తించింది, పెళ్ళి చేసుకుంది. కానీ తరళని అక్కడ వదిలేసి తను లేచి వచ్చేశానన్న దిగులు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. బొమ్మేగా అని తీసిపారేస్తారు మీరు. నేనూ బొమ్మనే, నాకు తెలుసు ఆ బాధ.

ఆ దిగులే ముదిరి ఊబి బొమ్మల పిచ్చయింది. పాత పత్రికల్లో ఎక్కడ ఎవరు ఊబిలో పడ్డా ఆవిడకి కావాలి. ఆవిడకి తోడు ఖలీల్ అని గడియారాలు బాగుచేసే ఆయన దొరికాడు. ఇద్దరూ అరుగు మీద బొమ్మలు పరుచుకుని గంటలకొద్దీ వాదించుకునేవారు.

"ఇదేం ఊబండీ, పప్పుచారులా! ఇందులో కోడిపిల్ల కూడా మునగదు" అనేది ఆవిడ.

"ఈవిడ్ని చూడక్కా, మునిగిపోతా కూడా జడ చెదరనివ్వలేదు" అనేవాడాయన.

దానయ్య గారి బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ దండం పెట్టేసేవారు. ఒక్కటే తగువు మిగిలేది. తరళ వేళ్ళకి కాస్త దూరంలో, అంచు దగ్గర, సన్నగా నల్లటిదేదో ఉంది. ఖలీల్ మొసలి తోకంటాడు. ఆవిడ నీటిపామంటుంది. ఎటు చూసినా తరళకి మూడినట్టే.

ప్రెస్సు మూతపడ్డాక నేను పాత ఇనప సామాన్ల కొట్టుకి చేరాను. ఒకరోజు పుణ్యవతి అక్కడికి కుట్టుమిషను చక్రం కోసం వచ్చింది. నన్ను చూసి ఆగింది. పక్కనే అమ్మకానికున్న బీరువా అద్దం ముందు నన్ను పట్టుకుంది. "అమ్మో! తరళా!" అని ఆవిడ పెట్టిన కేకకి కొట్టువాడు హడలిపోయాడు.

నన్ను కొని ఇంటికి తెచ్చి, నా అచ్చు తీయించి, దానయ్య గారినీ ఖలీల్‌నీ భోజనానికి పిలిచింది. కథ రాసినాయన ఎప్పుడో పోయాడు. ఇక చెప్పగలిగింది దానయ్య గారొక్కరే. తరళ చచ్చిపోయిందంటే తట్టుకోగలనా అని ఆవిడ అడక్కుండా కొసరి కొసరి వడ్డిస్తూ పోయింది. చివరికి అడిగేసింది.

"తరళ బయటపడిందాండీ?"

"పడకపోవడమేంటమ్మా! పైకి లాగే చెయ్యి గీశాను కదా!"

"ఏదండీ?" అన్నాడు ఖలీల్.

ఆయన నన్ను తిప్పి రంపం కోత తడిమి చూశారు. "ఓరి వెంకటరాజూ, నీ చేతులు పడిపోనూ! ఇక్కడ తీగ ఉండాలమ్మా. మూడాకులు, మధ్యలో ముడి. దాన్ని వేలాడేస్తా ఉన్న రెండు గాజుల చెయ్యి."

పుణ్యవతి చేతిలో గరిటె కిందపడింది. లోపలికి పరిగెత్తి బీరువాలోంచి ఎర్రసిరాతో అచ్చేసిన కార్డొకటి తెచ్చింది.

"మన పెళ్ళికార్డెందుకే ఇప్పుడు?" అన్నాడు ఆవిడ భర్త.

కార్డు కింద ముచ్చటైన బొమ్మ ఉంది. తీగ, మూడాకులు, ముడి, రెండు గాజుల చెయ్యి. వెంకటరాజు ఏదీ పారేసేవాడు కాదని చెప్పానుగా. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నింటికీ నా ముక్కే వేసేవాడట! ఎవరి చెయ్యి, ఎందుకు వేలాడుతోందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

పుణ్యవతి కార్డు అంచు మడిచి నా అచ్చు పక్కన పెట్టింది. ఎర్ర తీగ వచ్చి నల్ల తోకకి అతికింది. మొసలీ కాదు, పామూ కాదు, తీగ కొస.

"పిచ్చిదాన్ని! ఇన్నాళ్ళూ నా బీరువాలోనే పెట్టుకుని..." అంటూ ఆవిడ బావురుమంది, ఆ వెంటనే నవ్వింది. ఖలీల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంతకీ ఆ చెయ్యి ఎవరిదండీ?" అన్నాడు భర్త.

"లంకలో గేదెలు కాసే ఆవిడది. నన్ను లాగిందీ ఆవిడే" అన్నారు దానయ్య గారు. "ఓ పక్క తిడతానే లాగింది."

ఇప్పుడు నేను పుణ్యవతి ఇంట్లో, గోడ మీద ఆ రెండు కాగితాలూ కలిపి కట్టిన పటం కింద ఉన్నాను. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ముందు ఎర్రచెయ్యి చూపించి, ఆ తర్వాతే ఊబి చూపిస్తుంది.