పోశన్న వేలి గాటు

ఆత్మారాం వకీలు మాకు కానూను చెప్పేది పొద్దుటి పూట, కచేరి తెరవకముందు. ఇందూరు కోట కింది గల్లీల ఆయన ఇల్లు. నిజామాబాదు అని సర్కారు కాగితాల మీద రాసేది గానీ మా నోళ్లల్ల అది ఇందూరే. ముందరి అర్రల జంపఖానా పరిచి, వకాలతు పరీక్షకు తయారయ్యేటోళ్లం ఏడుగురం గోడకు ఆనుకొని కూచునేది. పుస్తకం ఉర్దూల, చెప్పుడు తెలుగుల, కోపమొస్తే తిట్లు మరాఠీల. మాక్లూరు నుంచి నడిచొచ్చేటోణ్ని నేను. పేరు రాజమల్లు. నా ఉర్దూ రాత బాగుంటదని దర్ఖాస్తులన్ని నాతోనే రాయించేది.

శుక్రవారం కచేరికి సెలవు. ఆ ఒక్కనాడు కూడ ఆయన ఇంట్ల ఉండకపోయేది. బండి కట్టించుకొని వర్ని దిక్కు పల్లెలకు పోయి, దొరికినోళ్లను కూచోబెట్టుకొని ఒకే పాఠం చెప్పేది.

“చదివి వినిపియ్యకుంట ఎవడు అడిగినా నిషాని పెట్టొద్దు, వేలు ఒత్తొద్దు. దొర అడిగినా, పట్వారి అడిగినా, మీ అల్లుడు అడిగినా.”

ఇట్ల చెప్పిన మనిషి ఇంట్లనే ఒక రేకు ట్రంకు ఉండేది. దాని నిండ కోర కాగితాలు. ప్రతి కాగితం అడుగున ఒక వేలిముద్ర. పల్లె నుంచి ఇందూరు రావాలంటే ఒక దినం నడక, పోవాలంటే ఇంకో దినం. తారీఖు వాయిదా పడ్డప్పుడల్లా ఒక దర్ఖాస్తు పెట్టాలె. దానికోసం నాట్లు ఇడిసిపెట్టి ఎవడొస్తడు? అందుకని వచ్చిననాడే పది తెల్లకాగితాల మీద వేలు ఒత్తి పోయేటోళ్లు. వకీళ్లందరూ చేసే పనే అది. ఒకసారి నేను అడిగిన.

“సాబ్, ఊర్లల్ల చెప్పేదొకటి, మనింట్ల చేసేదొకటి గద?”

ఆయన నవ్విండు. “నేను గూడ దొంగనైతే ఇగ వాళ్లు ఎక్కడికి పోతర్రా.”

పోశన్నది వర్ని పక్కన చిన్న పల్లె. నాలుగెకరాలు. నిజాంసాగర్ కాలువ రాకముందు దాంట్ల జొన్న తప్ప ఇంకోటి మొలవకపోయేది. కాలువ వచ్చినంక వరి వచ్చింది. బోధన్‌ల చక్కెర కార్ఖాన లేస్తున్నదనంగనే చెరుకు ఆశ పుట్టింది. ఆశ పోశన్నకొక్కనికే పుట్టలేదు, ఊరి దొరకు గూడ పుట్టింది. ఒకనాడు దొర మనుషులు నాగలి కట్టి పోశన్న చేన్లకు దిగిండ్రు. ఇదేందని అడిగితే రాజీనామా చూపిండ్రు. ఈ భూమి నాకొద్దు, సర్కారుకు ఇడిసిపెడుతున్న అని రైతు రాసిచ్చే కాగితం అది. అడుగున పోశన్న పేరు, వేలిముద్ర.

పోశన్న, పెండ్లాం హన్మవ్వ మా అర్రలకొచ్చి కూచున్ననాడు ఆత్మారాం వకీలు కాగితం నకలు చూసి ఒక్కటే అడిగిండు. “ఎడమ చెయ్యి ఇటియ్యి.”

పోశన్న ఎడమ బొటనవేలి మీద అడ్డంగ గాటు. నాలుగేండ్ల కింద జొన్న కోస్తుంటే కొడవలి దిగింది. రాజీనామా తారీఖు నిరుడుది. కచేరిల అసలు కాగితం తీయించి చూస్తే, దాని మీది ముద్ర నున్నగ ఉంది.

ఆయన మొఖం ఎలిగిపోయింది. దావా ఏసేటందుకు పోశన్న గూడ అందరి తీరుగనే పది కోర కాగితాల మీద వేలు ఒత్తిండు. తెల్లారి మాకు పుస్తకం తెరవలే. పోశన్నను నడుమ కూచోబెట్టి, వేలు పట్టి, భూతద్దం ఒకరి చేతిలకెల్లి ఒకరికి ఇచ్చుకుంట పొద్దెక్కేదాక పాఠం చెప్పిండు.

“నా పెండ్లిసూపులకు గూడ ఇంతమంది సూడలే” అన్నడు పోశన్న.

“సూశి సెప్పేటోళ్లుంటే నేను తప్పించుకుందు” అన్నది హన్మవ్వ.

ఆత్మారాం వకీలు పోశన్నకు నేర్పిన మాట ఒక్కటే. కచేరిల తీర్పు చెప్పే హాకిం ఏ కాగితం చూపినా వేలిముద్ర తట్టు చూడు. గాటుంటే నాది అను. గాటు లేకుంటే నాది కాదు అను. ఇంకో మాట మాట్లాడకు. పోశన్న ఎడ్లెనుక నడుచుకుంట గూడ ఇదే అనుకునేటోడట, హన్మవ్వ చెప్పింది. హాకిం కూడ ఒప్పుకొని మిసిల్ల, దావా కాగితాల కట్టల, రాయించిండు, గాటున్న ముద్రే పోశన్నదని. ఇగ ఒక్క వాయిదా మిగిలింది. భూమి వచ్చినట్టే అనుకున్నం.

అప్పుడే పట్నం నుంచి సర్కారు తరఫున ఒక పెద్దమనిషి ఇందూరుకు వచ్చి దిగిండు. ముప్పై ఎనిమిదో సంవత్సరం అది. చట్టాలు చేసే సభల జిల్లా రైతుల తరఫున ఒక మెంబరును సర్కారు నామజదు చేస్తదని, ఆత్మారాం పేరు అనుకుంటున్నరని సాబ్‌ను పిలిచి చెప్పిండు. రైతులు మాకు ఈయనే కావాలని నిషానులతో ఒక దర్ఖాస్తు ఇయ్యాలె. అందుల ఏం రాయాలెనో ముసాయిదా గూడ ఆయనే ఇచ్చిండు. ఎల్లుండి పొద్దుటి రైలుకు పోతనన్నడు.

ముసాయిదా నా ముందర పెట్టి ఆత్మారాం వకీలు కిటికి కాడ నిలబడ్డడు. చదివిన. ఆయన గుణాలు నాలుగు వరుసలు. ఆ తర్వాత ఇట్లున్నది: మా ఊర్లల్ల వెట్టి లేదు, భూముల తగాదాలు లేవు, ఇడిసిపెట్టిన భూములు మేము ఇష్టపూర్తిగ ఇడిసిపెట్టినవే.

“ఇదేంది సాబ్?”

“లొల్లి ఊర్ల నుంచి లొల్లి మనిషిని పంపినట్టు ఉండొద్దట.”

“రైతులను అడుగుదామా?”

“పదిమందిని ఒక్కకాడ కూడేస్తే జల్సా అంటరు, సభ పెట్టిండ్రంటరు. జల్సాకు సర్కారు ఒప్పుకోవాలె, ఇజాజతు కావాలె. ఇజాజతు వచ్చేసరికి రైలు పోతది.” ఆయన ఇటు తిరిగిండు. “పద్నాలుగేండ్లాయె రాజమల్లూ. ఒక్కొక్క వేలు పట్టుకొని కొట్లాడుతున్న. ఒకని భూమి తెచ్చేలోపట పదిమందిది పోతున్నది. కానూను వాళ్లు చేస్తున్నరు, నేను మీకు వల్లె వేయిస్తున్న. చేసేకాడ కూచోకుంటే ఇది తెగది.”

ట్రంకు ఆయనే తెరిచిండు. ముద్రలున్న కోర కాగితాల మీద ఆ ముసాయిదానే పొద్దుగూకేదాక రాసిన. వర్ని దిక్కు ఊర్లవే కాగితాలు. పోశన్నది వచ్చినప్పుడు కలం ఆపిన.

“సాబ్, ఇది గాటు ముద్ర.”

“చూసిన. ఈ కాగితాలు పట్నం పోతయి, కచేరికి రావు. ఆ పల్లె నుంచి ఇంకెవరివీ లేవు. మెంబరునైనంక సభల నా మొదటి మాట వాని భూమి గురించే.”

నేను రాసిన. రోజుకన్న బాగ రాసిన్నేమో గూడ.

నామజదు వచ్చింది. స్టేషనుల పూలదండలు. పోశన్న ఎవరి చేన్లనో అడుక్కొని ఒక చెరుకు గడ తెచ్చి రైలు పెట్టెల పెట్టిండు. “ఇగ మనకు బయమేంది సాబ్” అన్నడు. హన్మవ్వ మాత్రం నా దిక్కు చూసి, “ఈ సారు మన ఊర్లె మాట్లాడితెనే ఎనకున్నోళ్లకు ఇనరాదు. గంత పెద్ద పట్నంల ఎవలికి ఇనవడుతది?” అన్నది.

ఆ ఎండాకాలం నేను పరీక్ష పాసై మూడో దర్జా వకీలునైన. పోశన్న మిసిల్ నాకు అప్పజెప్పి ఆత్మారాం సాబ్ పట్నంలనే ఉండబట్టిండు. ఆఖరు వాయిదానాడు దొర వకీలు లేచి, రాజీనామా గురించి ఒక్క ముక్క మాట్లాడలే. పట్నం దఫ్తరు నుంచి తెప్పించిన ఇంకో కాగితం సంచిలకెల్లి తీసి హాకిం ముందర పెట్టిండు. దూరం నుంచే నాకు నా రాత ఎరుకైంది.

హాకిం పోశన్నను పిలిచిండు. “ఈ నిషాని నీదేనా?”

పోశన్నకు చదువు రాదు. నేర్పిన తీరుగనే కిందికి చూసిండు. వంగి, వేలు పక్కన పెట్టుకొని, మళ్ల చూసిండు. మొఖం విచ్చుకున్నది. గెలిచిననుకున్నడు.

“నాదే సర్కార్. గాటు సూడుండ్రి.”

“బాగ చూసి చెప్పు.”

“గాటున్నది నాది. గాటు లేంది నాది కాదు.”

నేను లేవొచ్చు. ఆ వేలు తెల్లకాగితం మీద పడ్డది, పైన రాసిన చెయ్యి నాది అని చెప్పొచ్చు. లేవలే. అల్మారీల ఉన్న నా కొత్త వకాలతు సనదు, మాక్లూరు నుంచొచ్చి దాన్ని చూసిపోయిన మా బాపు, ఇవే కండ్ల ముందర ఉన్నయి. హాకిం తీర్పు చదివిండు. రాజీనామా సంగతి ఎట్లున్నా, భూమి ఇష్టపూర్తిగ ఇడిసిపెట్టిన అని ఈ మనిషే తన ముద్రతోని చెప్పిండు కాబట్టి దావా ఖారిజు, కొట్టేసినట్టే.

“ఏమన్నడు?” అని పోశన్న నన్నడిగిండు. ఉర్దూ ఆయనకు అర్థం కాలే. బయటికొచ్చినంక చెప్పిన. మెట్ల మీద కూలవడ్డడు.

పట్నం పోయి ఆత్మారాం వకీలును కలిసిన. మనిషి ఎండిపోయిండు. నేను నోరు తెరవకముందే ఒక కాగితం నా చేతిల పెట్టిండు. వెట్టి గురించి, రాజీనామాల గురించి సభల అడుగుతనని ఆయన రాసి పంపిన ప్రశ్న, సవాలు అంటరు దాన్ని, తిరిగొచ్చింది. సదరు మెంబరు దాఖలు చేసిన దర్ఖాస్తు ప్రకారమే ఆ ఊర్లల్ల అసుమంటి తగాదా, తకరారు లేదు గనుక సవాలు చెల్లదు అని రాసుంది.

“నిజం చెప్పుదాం సాబ్” అన్న. “కోర కాగితమని ఇద్దరం రాసిద్దాం.”

ఆయన ఆ కాగితం నా చేతిలకెల్లి తీసుకొని మడిచిండు. “రాసిస్తే నా సనదు పోతది, నీది పోతది. పోనీ. ఆ ట్రంకుల ఇంకా రెండు వందల మందివి ఉన్నయి. మనం దొంగలమని తేలిననాడే వాళ్ల మిసిళ్లన్ని ఒక్కపారి ఖారిజైతయి.”

అబద్ధం కాదది. ఆయన భయమూ అందుల ఉన్నది, నాదీ ఉన్నది. ఆ రెండు వందల మందా, ఈ భయమా, ఏది ముందో ఆయనకు గూడ తెల్వదనుకుంట. “మెంబరుగిరి ఇడిసిపెడితే?” అన్న. “ఇడిసిపెడితే దొర బావమరిది వస్తడు” అన్నడు. తిరుగు రైలెక్కిన.

శుక్రవారం పోశన్న, హన్మవ్వ వచ్చిండ్రు, సాబ్ ఇంటి ముందరి అర్రలకే; ఇప్పుడు అక్కడ కూచునేది నేను. ఇప్పుడు ఆ నాలుగెకరాల్లనే దొర చెరుకుకు కూలికి పోతున్నరు. పై కచేరికి అప్పీలు చేద్దామని వచ్చిండ్రు.

“గా దినం నేను తప్పు సెప్పిన్నా వకీలు సాబ్?” అన్నడు పోశన్న. మొదటిసారి నన్ను సాబ్ అన్నడు.

“లేదన్నా. నిజమే చెప్పినవు.”

“మరి గా కాగితం యాడికెల్లి వచ్చె?”

హన్మవ్వ చూపు గోడ పక్కన ట్రంకు మీద పడ్డది. చాన సేపు దాని మీదనే ఉంది.  ఒక్క తిట్టు తిట్టినా బాగుండు.

“మల్ల మల్ల రావుడు కాదు. సెరుకు కొట్టుడు మొదలైతే దొర ఇడ్వడు” అని పోశన్న సిరా డబ్బి దగ్గరికి జరిగిండు. హన్మవ్వ ఆయన చెయ్యి పట్టుకున్నది. పట్టుకొని నా మొఖం చూసింది. ఇంకో వకీలు యాడున్నడు? తనే ఇడిసిపెట్టింది.

పది కాగితాల మీద వేలు ఒత్తిండు. గాటు ప్రతిదాని మీద సాఫుగ పడ్డది. నేను వద్దనలే.