పెంటప్ప చెవుల గీత

మరాఠీ గడ్డ మీది తెలుగు నేతగాళ్ల వాడ భవాని పేట్‌లో పెంటప్ప చేతిలో బకరా కానివాడు లేడు. పోచయ్యనైతే వారానికి రెండుసార్లు చేసేవాడు. ఎదురుగా నిలబడి, గొంతు పెగల్చకుండా ఊరికే పెదవులు ఆడించేవాడు. పోచయ్య కంగారుగా చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటుంటే, "అయిపాయె, నీ చెవులు బంద్ పడ్డయి!" అని తొడ చరుచుకుని నవ్వేవాడు. ఇద్దరూ ముప్పై ఏళ్లు పక్కపక్క పవర్‌లూమ్‌ల మీద తువ్వాళ్లు నేసినవాళ్లే.

అందుకే మేనకోడలు శ్వేత వచ్చి చెవుల పరీక్ష అనేసరికి పెంటప్పకు గుండె గుభేలుమంది. ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం ఆ పిల్ల బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక పేజీ రాసింది. మగ్గాల మోతకు చెవులు పోగొట్టుకున్న సన్న కీచు శబ్దాలను, అందులోని ఫిల్టర్ పెంచి వినిపిస్తుంది.

"మగ్గమోళ్ల చెవులు చానవరకు ఒక్క తీరుగనే ఖరాబైతయి మామా. ముందు నీ చెవుల కొలత తీస్త. సప్పుడు ఇనపడంగనే వేలు లేపు."

హెడ్‌ఫోన్ పెట్టింది. బొంగురు లావు శబ్దాలు నాలుగు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. గుమ్మంలో పోచయ్య చాయ్ తాగుతూ చూస్తున్నాడు. ఎదురుగా అల్మారా అద్దంలో శ్వేత వేలు కనబడుతోంది. అది కీ నొక్కినప్పుడల్లా పెంటప్ప తన వేలు లేపాడు.

"అబ్బో, పోరగాళ్ల చెవులు గదా మామా నీయి!"

"మరేమనుకున్నవే? గా పోచిగాని లెక్క గాదు."

మామ ఎవరినైనా ఆట పట్టిస్తాడు గానీ, తన చదువుతో ఆడడని ఆ పిల్ల నమ్మకం. మగ్గమోళ్లందరికీ సరిపోతాయని ఆ కొలతలే ఫిల్టర్‌కు ఎక్కించింది.

ఆదివారం అశోక్ చౌక్ వెనక హాల్లో పాతికమంది మగ్గమోళ్లు చేరారు. ముందు వరుసలో కాలేజీ సార్. మొదట పోచయ్య కూర్చున్నాడు. మనవరాలు ఆరతి మాటలను ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల ఏమంటుందో ఏడాదిగా అతనికి అర్థం కావడం లేదు. శ్వేత ఆ గొంతును ఫిల్టర్ గుండా వినిపించింది.

"నాకేం ఫరక్ అనిపిస్తలేదు బిడ్డా. ఎప్పటి తీరుగనే ముద్దముద్దగున్నది."

శ్వేత ముఖం చిన్నబోయింది. "ఆగు తాతా, ఫిల్టర్‌నే అడుగుదాం." వంద హెర్ట్జ్ లావు శబ్దం నుంచి ఎనిమిది వేల హెర్ట్జ్ సన్న శబ్దం దాకా వరసగా అంకెలిచ్చి, ఒక్కోదాన్ని ఎంత పెంచుతున్నావని కోడ్‌తోనే ఫిల్టర్‌ను అడిగింది. జవాబు గోడ మీద గీతగా పడింది. సన్న శబ్దాల దగ్గర గుట్టలా లేవాల్సిన గీత ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పడుకుంది; అంటే ఫిల్టర్ దేన్నీ పెంచడం లేదు.

"మగ్గం మీద బిగ్గ గుంజిన పడుగు పోగు లెక్కున్నది!" అన్నాడు పెంటప్ప. అలవాటు నోరు. అందరూ నవ్వారు.

శ్వేత తలెత్తలేదు. రెండు నెలలు ఏం చేశావని సార్ మరాఠీలో అడిగాడు. "కోడ్‌ల ఎక్కడ్నో తప్పు చేసిన సార్," అంటూ ఆ పిల్ల ఒక్కో లైను వెతుకుతోంది. లేని తప్పు కోసం వెతుకుతోంది. ఆ తప్పు మూడో వరుసలో, ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉంది. పెంటప్పకు మొహం చెవుల దాకా వేడెక్కింది.

లేచాడు. "కోడ్ మంచిగనే ఉన్నది సార్. నా చెవులే దొంగయి. అద్దంల జూసి వేలు లేపిన."

హాలు గొల్లుమంది. "షురూ చేసిండు మళ్ల!" అంది వెనక నుంచి పక్కింటి శాంత.

నలభై ఏళ్లు నవ్వించిన మనిషి నిజం చెబితే నమ్మేవాడు లేడు. పెంటప్ప పోయి పోచయ్య పక్క కుర్చీలో కూర్చున్నాడు. రుమాలు తీసి తానే కళ్లకు కట్టుకున్నాడు. "మళ్ల పరీక్ష పెట్టు బిడ్డా. అందరికీ ఇనపడేటట్టు పెట్టు."

లావు శబ్దాలకు వేలు లేచింది. తర్వాత మోకాలి మీదే ఉండిపోయింది. తర్వాతి సప్పుడు కోసం ఎదురుచూశాడు.

"ఇంక షురూ చెయ్యలేదానే?"

రుమాలు ఎత్తాడు. శాంత రెండు చెవులూ మూసుకుని ఉంది. స్పీకరు పక్కనున్న సార్ మొహం చిట్లించుకున్నాడు. ఒక్కరూ నవ్వడం లేదు.

శ్వేత గబగబా కొత్త కొలతలు ఎక్కించి ఫిల్టర్‌ను మళ్లీ అడిగింది. గోడ మీద గీత నిటారుగా లేచింది. ఎక్కడెక్కడ లేచిందో అక్కడక్కడ పెంటప్పకు లోకం వినబడదన్నమాట. అంత పెద్దగా, అందరి ముందు. చూపు దించుకున్నాడు. శ్వేత అతని వైపు చూడలేదు.

పోచయ్య మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. కాసేపటికి ఆరతి మాటలు తేటగా తెలిసి అతని గడ్డం అదిరింది. పెంటప్ప వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి.

గొంతుతోనే అన్నాడో, పాత బాకీ తీర్చుకుంటూ ఊరికే కదిపాడో పెంటప్పకు తెలియలేదు. ఎప్పటిలా తలూపి నవ్వేయబోయాడు. నవ్వు రాలేదు.

"ఇనపడలేదురా," అన్నాడు నేల చూస్తూ. "మళ్ల చెప్పు."