గంధం పూయని గుండు

ఇరవై మూడో ఏట ఎస్తేరుకు జుట్టు రాలడం మొదలైంది. మొదట చెవి వెనక రూపాయి బిళ్ళంత మచ్చ, తర్వాత అరచేయంత. ఏడాది తిరిగేసరికి తల మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. ఆమె తండ్రి ప్రేమానందం పుత్తూరులో దర్జీ. కూతుర్ని చిత్తూరు, మద్రాసు ఆస్పత్రులకు తిప్పాడు. ప్రాణానికేం భయం లేదనీ, జుట్టు మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమనీ డాక్టర్లన్నారు. ఆయనే మిగులు గుడ్డలతో కూతురికి తలగుడ్డలు కుట్టిపెట్టాడు.

ఊళ్ళో ఎదురైనవాళ్ళంతా ఆ గుడ్డ వంక చూస్తూ జాలిగా పలకరించేవాళ్ళు. అది భరించలేక, 2003లో ఎస్తేరు తిరుపతి వచ్చి ఒక ఫొటో స్టూడియోలో పనికి చేరింది. తీరిక ఉన్నప్పుడు సునీల్‌కుమార్ అనే డ్రాయింగ్ మాస్టారి దగ్గర ఆర్ట్ ఫొటోగ్రఫీ నేర్చుకునేది.

ఒక సెలవు రోజు కొండను ఫొటో తీద్దామని అలిపిరి వెళ్ళింది. ఎండకు చెమట పట్టి తలగుడ్డ విప్పింది. పక్కనే గోడ మీద ఐరాల నుంచి మొక్కుకు వచ్చిన సిద్ధమ్మ అనే అవ్వ కూర్చుని ఉంది. ఆమె గుండు మీద గంధం ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏం పాపా, నువ్వుగూడా తలనీలాలిచ్చినావా?"

"లేదవ్వా. నేను క్రిస్టియన్‌ను. జబ్బు చేసి ఊడిపోయింది."

ఇక జాలిమాటలు వస్తాయని ఎస్తేరు బిగుసుకుపోయింది. సిద్ధమ్మ మాత్రం తన గుండు తడుముకుంది.

"నీ తల గుండ్రంగా బాగుండాది పాపా. నాది సూడు, యాడ పట్టుకున్నా సొట్టలే! ఇన్నేండ్లూ కొప్పు కింద దాక్కోనుండింది, నాకే తెలీదు."

ఎస్తేరుకు నవ్వు ఆగలేదు. చుట్టూ చూసింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంటిపిల్లలు, ఎటు చూసినా గుండ్లే. ఎవరూ ఆమెను ప్రత్యేకంగా చూడడం లేదు. కెమెరాను స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, పరుగున వచ్చి సిద్ధమ్మ పక్కన కూర్చుంది.

ఆ తర్వాత సెలవు దొరికితే అక్కడికే. గుండు చేయించుకున్న ఆడవాళ్ళను అడిగి, తానెవరో చెప్పి, వాళ్ళ పక్కన కూర్చుని ఫొటో తీసుకునేది. కొందరు వద్దన్నారు. ఒప్పుకున్నవాళ్ళు తమ మొక్కుల సంగతులు చెప్పారు. బిడ్డకు జ్వరం తగ్గిందని ఒకామె, ఊరికే బరువు దించుకోవాలనిపించిందని ఇంకొకామె.

సునీల్‌కుమార్ తన శిష్యుల ఫొటోలతో తిరుపతిలో ప్రదర్శన పెట్టాలనుకున్నాడు. అలిపిరి ఫొటోలు చూసి పెదవి విరిచాడు.

"గుంపులో ఎందుకమ్మా? చీకటి గదిలో నువ్వొక్కదానివే తల వంచుకుని కూర్చో. చూసేవాళ్ళ మనసు కదలాల."

ఎస్తేరు అలాగే తీసింది. ఆ ఫొటోలను అలిపిరి ఫొటోల పక్కన పరిచి చూసుకుంది. చాలాసేపు చూసి, రెండూ మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది.

"సార్, ఈ చీకట్లో ఉండే పిల్లెవురో నాకు తెలీదు. మీరు చెప్పినట్టు కూర్చునింది, అంతే. నేను ఈడ ఉండాను," అని సిద్ధమ్మ పక్కన పకపకా నవ్వుతున్న తనను చూపించింది.

"జుట్టు పోయిందని బాధ లేదా నీకు?"

"ఉండాది సార్. దువ్వెన కనబడితే ఇప్పటికీ కలుక్కుమంటాది. కానీ అదొక్కటే నేను కాదు గదా."

ఆయన చీకటి ఫొటోలు ఆమె చేతికిచ్చేసి, అలిపిరివాటికి ఫ్రేములు కట్టించాడు.

ప్రదర్శన రోజు ఎస్తేరు తలగుడ్డ లేకుండానే హాలులో నిలబడింది. కబురందుకుని సిద్ధమ్మ ఐరాల నుంచి మనవరాలితో వచ్చి, కనబడినవాళ్ళందరికీ "ఇది నేనే" అని తన ఫొటో చూపించింది. ప్రేమానందం సాయంత్రం బస్సుకు వచ్చాడు. చర్చికి వెళ్ళే మనిషి, మొక్కు గుండ్ల మధ్య కూతుర్ని చూసి ఏమంటాడో అని ఎస్తేరు ఆయన వెనకే నడిచింది. ఆయన ఒక్కో ఫొటో దగ్గరా ఆగి, చివరిదాకా చూశాడు.

"నువ్విట్ల నవ్వి ఎన్నాళ్ళయిందోమ్మా," అన్నాడు మెల్లగా. తర్వాత తన బట్టతల నిమురుకున్నాడు. "అయినా, ఇంత గుండు ఇంట్లో పెట్టుకోని అలిపిరికి పోయినావే! పిలిస్తే నేను రానా?"

ఎస్తేరు గబగబా కిటికీ వెలుగులో రెండు కుర్చీలు వేసి, ఎదురుగా కెమెరా అమర్చింది.

"కదలాకు నాయనా," అంటూ వచ్చి ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చుంది.