కందిరీగ ఎటువైపు

నేను కట్టుడు పళ్ళు తయారుచేస్తాను. నా బల్ల మీద ఎప్పుడూ ఎవరివో ఒకరి దవడల అచ్చులుంటాయి. వాటిని గోడవారకు నెట్టేసి, ఆ వేసవంతా ఒక యుద్ధ విమానం కట్టాను. ప్లాస్టిక్‌ది, అసలుకు నలభై ఎనిమిదో వంతు. నేను పుట్టకముందే నాన్న అలాంటి విమానంలోనే యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. దాని ఫొటో కూడా మిగల్లేదు. దాన్ని దగ్గరగా చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మేనత్త ఒక్కతే, నాన్నకు అక్క. ఆవిడ చూపు రోజురోజుకూ తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోపు తమ్ముడి విమానాన్ని ఆ కళ్ళకు చూపించాలి. నాకు ఇంకో ధ్యాస లేదు.

కొన్న పెట్టెలోని ప్లాస్టిక్ చట్రంలోంచి విమానం ముక్కలు కత్తిరించి, అంచులు అరగదీసి, అతుకుల్లో పుట్టీ పెట్టి నున్నగా చేశాను. చక్రం కాలు విరిగితే పళ్ళ సెట్లకు వాడే తీగ గుచ్చి నిలబెట్టాను. రంగులయ్యాక అసలు పని మిగిలింది. నాన్న తన అక్కను కందిరీగ అని ఏడిపించేవాడట. విమానం మీద, కిటికీ కింద, కందిరీగ బొమ్మ కూడా వేయించాడట. పెట్టెలో వచ్చిన స్టిక్కర్లలో అదెందుకుంటుంది?

"ఏ వైపు అత్తయ్యా?"

"ఎడమవైపు. నన్ను వెక్కిరించడానికే వేయించాడు, వెధవ!"

పళ్ళ మీద సన్నగీతలు గీసే కుంచెతో ఎడమవైపు వేసి, తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆవిడ భూతద్దం ఆనించి చాలాసేపు చూసింది.

"బాగానే చేశావు గానీ, ఇది మావాడిది కాదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వంగి వంగి నడుం పడిపోయింది నాకు. ఎడమ అన్నది నువ్వే కదా!"

"అన్నాను. ఇప్పుడూ అంటాను!" అంటూ విమానం ముక్కును తనవైపు తిప్పుకుని, ఎడమచేతి వేలు పెట్టి చూపించింది. అది విమానానికి కుడివైపు.

నాలుక కరుచుకున్నాను. మా పనిలో ఎడమంటే నోరు ఎవరిదో వాళ్ళ ఎడమ. ఎదురుగా ఉండి చూసేవాళ్ళకు అది కుడి. ఆ అలవాటు కొద్దీ ఎడమంటే విమానం ఎడమే అనుకున్నాను. ఆవిడేమో అప్పట్లో విమానానికి ఎదురుగా నిలబడి చూసింది.

గీకేయక తప్పలేదు. కందిరీగతో పాటు కింది బూడిద రంగూ పెచ్చులుగా లేచింది. అరగదీసి మళ్ళీ రంగు వేశాను. కుడివైపు వేసిన కొత్త కందిరీగ రెక్క అలుక్కుపోతే అదీ తుడిచేశాను. ఈలోగా ఒకరోజు అత్తయ్య గ్లాసు అందుకోబోయి గాల్లో చెయ్యి పెట్టడం చూశాను. ఆ పూట భోజనానికి కూడా లేవకుండా బొమ్మ పూర్తిచేశాను.

ఈసారి భూతద్దంతో వెతికి వెతికి, కందిరీగ దొరకగానే ఆవిడ ఫక్కున నవ్వింది. "ఇదేనే! అచ్చం నాలాగే మూతి ముడుచుకుంది." తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అలమరలో పెడుతూ, బొమ్మ బాగా కనపడాలని విమానాన్ని పక్కకు తిప్పబోయాను.

"తిప్పకు. ముక్కు నావైపే ఉండనీ."

"అలా అయితే కందిరీగ నీకు సరిగా కనిపించదు అత్తయ్యా."

"కొన్నాళ్ళకి ఎలాగూ కనిపించదులే. విమానం ఇటే చూస్తోందని తెలిస్తే చాలు. వాడు వస్తున్నట్టుంటుంది."